నాగసుబ్బమ్మ తనకు తానే పెట్టుకున్న పరీక్ష

2022వ సంవత్సరం. కోవిడ్ తర్వాత హైటెక్ సిటీ ఆఫీసులు ఒక్కొక్కటిగా తలుపులు తీస్తున్నాయి. సొంతూళ్లలో కూర్చుని పనిచేసిన పిల్లలంతా సూట్‌కేసులు పట్టుకుని మళ్లీ నగరానికి వస్తున్నారు. నిజాంపేటలో ఖాళీగా పడి ఉన్న హాస్టళ్లు నిండుతున్నాయి. అప్పుడు నేను కొండాపూర్ వైపు ఒక రిహాబిలిటేషన్ సెంటర్‌లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చి, లేదా తలకు దెబ్బ తగిలి మాట పోయినవాళ్ల చేత మళ్లీ మాట్లాడించడం నా పని. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో ఎందరో వచ్చారు, వెళ్లారు. నా పని తీరునే మార్చిపోయిన మనిషి మాత్రం నాగసుబ్బమ్మగారు.

ఆమెది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. భర్త పోయాక తమ్ముడి అండతో నగరానికి వచ్చి, నిజాంపేటలో ఒక అంతస్తు తీసుకుని అమ్మాయిల హాస్టల్ మొదలుపెట్టారు. తర్వాత భవనమంతా తీసుకున్నారు. ఐటీ ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు ఆమెను ఆంటీ అని పిలిచేవారు. ఎవరికి ఏ కూర పడదో, ఎవరు ఏ షిఫ్టుకు వెళ్తారో, ఎవరి నాన్న కోపిష్టో అన్నీ ఆమె నోటి మీదే ఉండేవట. ఒక ఉదయం వంటగదిలో కుప్పకూలారు. మెదడు ఎడమవైపు రక్తప్రసరణ ఆగింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది. కుడిచెయ్యి పట్టు తప్పింది, నడక కాస్త ఈడ్చినట్టయింది, మాట పోయింది.

మొదటి రోజు ఆమె ముందు గొడుగు బొమ్మ పెట్టాను.

“ఇది ఏందమ్మా?”

ఆమె బొమ్మను చూసి నవ్వారు. తెలుసన్న నవ్వు. “వాన... వానకు... ఇట్ల...” అంటూ ఎడమచేతిని తలమీద పెట్టుకున్నారు. పేరు రాలేదు.

దీన్ని మేం అఫేసియా అంటాం. మతిమరుపు కాదు, తెలివి తగ్గడమూ కాదు. ఆ వస్తువు ఏమిటో, ఎందుకో మనిషికి తెలుసు. దాని పేరు దగ్గరికి వెళ్లే దారి తెగిపోతుంది. అలాంటప్పుడు మేం మొదటి అక్షరం అందిస్తాం. దాన్ని క్యూ అంటాం. నేను “గొ...” అన్నాను. వెంటనే “గొడుగు” అన్నారామె. పక్కనే కూర్చున్న తమ్ముడు రమణ మొహం వెలిగింది. మర్నాడు అదే బొమ్మ చూపించాను. మళ్లీ వాన, మళ్లీ తలమీద చెయ్యి.

రెండు వారాలు ఇలాగే గడిచాయి. ఒకరోజు సెషన్ అయ్యాక రమణ నన్ను వరండాలో ఆపాడు. ప్రగతి నగర్‌లో ఇళ్ల స్థలాల వ్యాపారం చేస్తాడు. అక్క అంటే ప్రాణం.

“మేడం, దాచకుండా చెప్పండి. మా అక్క ఇంగ మాట్లాడ్తాదా?”

“మాట్లాడుతరు రమణగారూ. ఎంత, ఎప్పటికి అన్నది ఇప్పుడు చెప్పలేను.”

“హాస్టల్ తీసుకుంటామని ఒకాయన అడుగుతాండాడు. నెలాఖరుకు ఏదో ఒకటి చెప్పల్ల. ఆడపిల్లోల్ల బాధ్యత మేడం. పేరు పెట్టి పిలవలేని మనిషి వాళ్లను ఎట్ల చూసుకుంటాది? అక్కను మా ఇంటికే తీసకపోతా. నా కండ్ల ముందర ఉంటాది.”

అతని మాటలో తప్పేమీ లేదు. మేం తలతిప్పి చూసేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. తమ్ముడి వైపు చూసి తల అడ్డంగా ఊపారు, గట్టిగా.

మర్నాటి సెషన్‌లో మంచం బొమ్మ చూపించాను. ఆమె వెతుక్కుంటున్నారు. పెదవులు కదులుతున్నాయి. అలవాటుగా నేను “మ...” అనబోయాను. ఆమె ఎడమచెయ్యి ఎత్తారు.

“చెప్పాకు.”

స్పష్టంగా వచ్చింది ఆ మాట. నేను నోరు మూసుకున్నాను. రమణ ఏదో అందించబోతే అతనివైపూ అదే చెయ్యి తిప్పారు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని మాట కోసం పెనుగులాడుతుంటే, ఆ మాట మన నాలుక చివరే ఉన్నప్పుడు, ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో మా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. ఆమె నుదుట చెమట పట్టింది. “పడుకునే... మం... మంచం!” అన్నారు. బల్ల మీద అరచేత్తో ఒక్కటి కొట్టారు.

మర్నాడు గొడుగు మళ్లీ పోయింది కానీ మంచం పోలేదు. తానే తవ్వి తెచ్చుకున్న మాట నిలిచింది. అందించిన మాట నిలవలేదు. చదువుకునేటప్పుడు మాకూ ఈ సంగతి చెప్పారు. కానీ కళ్లముందు అంత తేటగా చూడటం నాకు అదే మొదలు.

ఆ వారమే ఆమె నా బొమ్మల పెట్టెను పక్కకు తోసేశారు.

“ఇది... నాది గాదు.”

“మరి మీది ఏదమ్మా?”

ఫోన్ తీసి, ఎవరిదో పుట్టినరోజున దిగిన ఫోటో చూపించారు. అందులో ఇరవై మందికి పైగా అమ్మాయిలు. ఒక్కొక్క మొహం మీద వేలు పెడుతూ, “ఈ పాప... ఈ పాప... ఈ పాప...” అన్నారు. ఎవరి పేరూ రాలేదు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి కానీ వేలు ఆగలేదు.

ఫోటోల కింద పేర్లు రాసి ఇస్తానన్నాను. వద్దన్నట్టు తల తిప్పారు. పేరు కనబడుతుంటే వెతికే పనేముంది? ఆమెకు కావలసింది వేరు. అదేమిటో సైగలతో చెప్పడానికి చాలాసేపు పట్టింది. చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నారు, కాసేపు ఆగారు, తర్వాత నోరు తెరిచి చూపించారు. అప్పుడు అర్థమైంది. ఫోన్‌లో వీడియో. అమ్మాయి మాట్లాడకుండా నిలబడాలి. కొంతసేపయ్యాక తన పేరు తానే చెప్పాలి. ఆ అమ్మాయి నోరు విప్పకముందే ఈమె పేరు చెప్పెయ్యాలి. తప్పు చెబితే సరైన జవాబు వెంటనే వినబడుతుంది. నేను ఒక్క షరతు పెట్టాను: తప్పు పోయిన పేరును అప్పటికప్పుడు మూడుసార్లు పలికి, ఆ తర్వాతే ముందుకు వెళ్లాలి. తప్పు నోట్లో స్థిరపడిపోకూడదు.

వీడియోలు తీసింది మౌనిక. సిద్దిపేట వైపు అమ్మాయి, హాస్టల్లో చాలాకాలంగా ఉంటోంది. ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులెక్కడున్నాయో వెతికే ఉద్యోగం. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో నాగసుబ్బమ్మగారు చూపించడం, ఈ పిల్ల తీయడం. రోజూ ఉదయం, సాయంత్రం ఆమె తన పరీక్ష తానే రాసుకునేవారు. వచ్చిన పేర్లను రెండు రోజులు పక్కన పెట్టేవారు. రానివి మర్నాడే మళ్లీ చూసుకునేవారు. ఈ పద్ధతి నేను నేర్పింది కాదు. అలా చేయాలని ఆమెకే తోచింది.

కొద్ది రోజులకే దాదాపు అన్ని పేర్లూ వచ్చేశాయి. రమణ ఆశ్చర్యపోయాడు. నేనూ సంబరపడ్డాను. మనిషి ఉండే చోటికే వెళ్లి చేయించే సెషన్‌ను హోమ్ విజిట్ అంటాం. అలా ఒక ఉదయం టిఫిన్ వేళకు హాస్టల్‌కు వెళ్లాను.

హాల్లో ఉప్మా వాసన. ఒక అమ్మాయి ప్లేటు పట్టుకుని ఎదురుగా వచ్చి, “గుడ్ మార్నింగ్ ఆంటీ” అంది. నాగసుబ్బమ్మగారు నోరు తెరిచారు. ఏమీ రాలేదు. ఆ పిల్ల పేరు అంతకుముందే ఫోన్‌లో చూసి టక్కున చెప్పారు. ఇప్పుడు మనిషి ఎదురుగా ఉంటే ఒక్క అక్షరం లేదు. ఇంకో అమ్మాయి వచ్చింది. మళ్లీ అంతే. ఆమె కుర్చీలో కూలబడి ఫోన్‌ను బల్ల మీదికి విసిరేశారు.

“అంతా... అబద్దం.”

మౌనిక ఫోన్ తీసుకుని వీడియోలు వరసగా చూసింది. ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

“ఆంటీ, జర నా మాట వినుండ్రి. అబద్దం గాదు. మీరు మనిషిని చూస్తలేరు. గీ పిల్ల ఎనుక గులాబీ కర్టెన్ ఉంది. గా పిల్ల పక్కన బకెట్ ఉంది. మీరు కర్టెన్‌కు పేరు చెప్తున్నరు, బకెట్‌కు పేరు చెప్తున్నరు. పైంగ ఎవరి తర్వాత ఎవరొస్తరో మీకు బైహార్ట్ అయింది. పరీక్ష లీకైంది ఆంటీ, అంతే. ఫికర్ చెయ్యకుండ్రి, మల్ల తీద్దాం.”

ఆమె చేతికర్ర ఊతంగా లేచి, మెట్ల పక్కనున్న తెల్లగోడ దగ్గరికి నడిచారు. అరచెయ్యి గోడ మీద వేసి, “ఈడ. అందురూ... ఈడ” అన్నారు.

అందరినీ ఆ ఒక్క గోడ ముందే మళ్లీ తీశారు. వరస రోజూ మారేలా మౌనిక ఏర్పాటు చేసింది. అక్కడితో ఆగినా పరీక్ష న్యాయంగానే ఉండేది. ఆమె ఆగలేదు. వెనక్కి తిరిగి నిలబడమన్నారు. మొహం లేకుండా గొంతు మాత్రమే రికార్డు చేయించారు. చివరికి, పేరు చెబితే సరిపోదు, ఆ పిల్లను ఏదో ఒకటి అడగాలి కూడా అని పెట్టుకున్నారు. జ్వరం తగ్గిందా, టిఫిన్ తిన్నావా, ఎన్ని గంటలకు వస్తావు. అన్నీ వచ్చేస్తున్న పరీక్షలో ఒక్కసారిగా సగానికి పైగా తప్పులు. నాకే మనసు ఒప్పలేదు.

“ఇంత కష్టం ఎందుకమ్మా? కొన్నాళ్లు సులువుగ పెట్టుకోండ్రి.”

“సులువుది... నాకెందుకు?” అన్నారు. ఆమె నోట నేను విన్న మొదటి ప్రశ్న అదే.

నెలాఖరు ఆదివారం. నేను హోమ్ విజిట్‌లో ఉన్నాను. రమణ కూడా వచ్చాడు. హాస్టల్ తీసుకుంటానన్న మనిషి సాయంత్రం వస్తాడని చెప్పాడు. “అక్కా, నీకు ఇష్టం లేదని తెల్సు. కానీ ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పల్ల?” అంటున్నాడు. ఆమె వింటున్నారు. అంతలో ఆమె ఫోన్ మోగింది. ఎవరూ ఆపకముందే ఎత్తి, స్పీకర్ నొక్కారు.

“అమ్మా, నమస్కారమండి. స్వాతి వాళ్ల నాన్ననండి, భీమవరం నుంచి. పొద్దుట్నుంచి పాప ఫోన్ తీయట్లేదండి. కాస్త చూస్తారా?”

అఫేసియా ఉన్నవాళ్లకు ఫోన్ అన్నిటికంటే కష్టం. ఎదుటి మొహం కనబడదు, సైగ పనికిరాదు, ఆగితే అవతలివాళ్లు కంగారుపడతారు. ఆమె గొంతు తడబడింది.

“స్వాతి... స్వాతి... పైన. నిద్ర. రాత్రి... ఆఫీసు.”

“ఏంటండీ? మీరెవరండీ మాట్లాడేది? వార్డెన్ గారు కాదా? పాపకు ఏమైందండీ?” ఆ తండ్రి గొంతులో భయం తెలుస్తూనే ఉంది.

రమణ ఫోన్ కోసం చెయ్యి చాచాడు. ఆమె భుజం అడ్డం పెట్టి పక్కకు తిరిగారు. కళ్లు మూసుకున్నారు. నేను గుప్పిట బిగించి కూర్చున్నాను.

“నేనే. నాగ... సుబ్బమ్మ. నాకు మాట... మెల్లగ వస్తాది. ఆగండి. పాప బాగుంది.”

“అలాగేనండి. కంగారేం లేదండి, మెల్లగా చెప్పండి” అన్నాడాయన.

ఆమె మెట్ల వైపు తిరిగి గొంతెత్తారు. “మౌనికా!”

ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి మెట్ల మీదే ఆగిపోయింది. ఆరోగ్యం పాడయ్యాక ఆంటీ తనను వీడియోలో కాకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

“స్వాతిని లేపు. వాళ్ల నాయన. ఫోను.”

రాత్రి డ్యూటీ చేసి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్న స్వాతి కళ్లు నులుముకుంటూ దిగివచ్చింది, తండ్రితో మాట్లాడింది. రమణ గోడకు ఆనుకుని నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను మెచ్చుకోబోయాను. నాగసుబ్బమ్మగారు వినే స్థితిలో లేరు. కనుబొమలు ముడుచుకుని ఫోన్ వైపు చూస్తున్నారు.

“ఫోను... దాంట్లో లేదు.”

తన పరీక్షలో ఫోన్ ప్రశ్న లేదని ఆమె బాధ. ఆ మధ్యాహ్నమే దాన్నీ చేర్చారు. అమ్మాయిలు పై గదుల్లోంచి ఫోన్ చేయాలి. ఒకరు కంగారుపడే అమ్మ, ఒకరు గ్యాస్ సిలిండర్ మనిషి, ఒకరు గది కావాలని అడిగే కొత్త అమ్మాయి. కోపిష్టి తండ్రి వేషం ఎవరికీ కుదరలేదు. ఆమె తమ్ముడి వైపు వేలు చూపించారు. రమణ డాబా మీదికి వెళ్లి అక్కకు ఫోన్ చేసి, ఎంత కోప్పడదామన్నా నవ్వు ఆపుకోలేక మూడుసార్లు పెట్టేశాడు. నాలుగోసారి కుదిరింది. కిందికి దిగి వచ్చేముందు ఇంకో నంబరుకు చేశాడు. “అన్నా, సాయంత్రం రావాకు. మా అక్కే నడుపుకుంటాదంట” అని చెప్పడం మెట్ల దగ్గర నిలబడ్డ నాకు వినబడింది.

ఆమెకు మాట పూర్తిగా తిరిగి రాలేదు. ఈ రోజుకీ కొన్ని పేర్లు మొండికేస్తాయి. అప్పుడు చుట్టూ తిరిగి చెబుతారు. “పులుపు తినని పాప” అంటారు, హాస్టలంతా ఎవరో తెలుసుకుంటుంది. మౌనికను జీతం పెట్టి ఉంచుకుంటారా అని ఎవరో అడిగితే, “దానికి దాని ఆఫీసు ఉంది” అన్నారట. హాస్టల్ ఆమే నడుపుతున్నారు.

ఆ తర్వాత నేను పని మొదలుపెట్టే తీరు మారింది. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రోజు బొమ్మల పెట్టె తీయను. ఇంటికి వెళ్లాక ఎవరితో ఏం మాట్లాడాలని ఉందో అడుగుతాను. ప్రశ్నలు వాళ్లచేతే తయారు చేయిస్తాను. తయారు చేసేటప్పుడే సగం సాధన జరిగిపోతుంది, పైగా తమ జీవితంలో ఏ మాట అవసరమో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. జవాబు అందించకుండా కూర్చోవడం ఇంటివాళ్లకు నేర్పడం ఇప్పుడు నా పనిలో పెద్ద భాగం.

అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫోన్ ముందుకు చాపి, “మేడం, నా పరీక్షలో అన్నీ వచ్చేసినయ్” అంటారు. నేను నిజంగానే సంతోషిస్తాను. కుర్చీ దగ్గరికి లాక్కుని, “మంచిగైంది. ఇగ మీకు రానివి ఎక్కడున్నయో వెతుకుదాం పట్టుండ్రి” అంటాను.