తలుపు తీయని తల్లి

మా ఎదురింటి పిన్నిగారు బుధవారం పొద్దున్నే పోయారు. నేను దీపం పెట్టి లేచేసరికి ఆవిడ కూతురు మా గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మ వెళ్ళిపోయిందక్కా, నిద్రలోనే" అంది. చేతిలో అగ్గిపెట్టెతోనే ఆమె వెంట వెళ్ళాను.

సాయంత్రానికి కమిటీవాళ్ళు అపార్ట్‌మెంట్ గ్రూపులో సంతాపం పెట్టారు. దాని కింద మొన్న దసరాకు మేం వేసిన నాటకం వీడియో. "అందరం సంతోషంగా ఇళ్ళకు వెళ్ళేలా మంచి ముగింపు ఇచ్చిన పెద్దావిడకు నివాళి" అని రాశారు. ఆ వీడియో దేవుడు వేదిక ఎక్కగానే ఆగిపోతుంది. తరువాత జరిగింది అందులో లేదు. నేను పదో తరగతి దాకా చదువుకున్న మనిషిని. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. కానీ ఆవిడ ఒప్పుకోని ముగింపును ఆవిడ పేరు మీదే చెలామణీ చేస్తుంటే ఊరుకోవడం అంతకన్నా చేతకాలేదు. అందుకే, శుక్రవారం భజనకు వచ్చే మీ అందరి కోసం ఇది రాస్తున్నాను.

పిన్నిగారిది గుంటూరు వైపు నాటకాల కుటుంబం. డేరాలు కట్టుకుని ఊరూరా తిరిగినవాళ్ళు. కూతురి ఉద్యోగం వల్ల ఆవిడ కొండాపూర్ వచ్చారు. నటులు రంగం ఎక్కేముందు నేలను తాకి కళ్ళకద్దుకున్నట్టు, ఆవిడ లిఫ్టు ఎక్కేముందు కూడా అద్దుకునేవారు. పిల్లలు నవ్వితే, "నవ్వండర్రా. తలుపు తెరుచుకుంటే ఎదురుగా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారుగా. ఇదీ రంగమే" అనేవారు.

వాళ్ళింట్లో తరతరాలుగా వస్తున్న నాటకం ఒకటుంది. ఒక కోట. దాని తాళంచెవి ఒక తల్లి దగ్గర ఉంటుంది. పొద్దు గుంకాక ఎవరు వచ్చినా తలుపు తీయనని రాజు ఆమె చేత ప్రమాణం చేయిస్తాడు. యుద్ధంలో దెబ్బతిన్న ఆమె కొడుకే వచ్చి తలుపు కొడతాడు. వెనకాల శత్రువులు. తల్లి తీయదు. తెల్లవారి తీస్తే కొడుకు శవం. దాని మీద పడి ఆమె కూడా ప్రాణం విడుస్తుంది.

కథ ఇంతే. కానీ ఎవరి కాలంలో వాళ్ళు దాన్ని మార్చుకుంటూ వచ్చారు. ఒకరోజు బాల్కనీలో ఇద్దరం వత్తులు చేసుకుంటుంటే ఆవిడ చెప్పారు.

"కాగడాల వెలుతురులో ఆడిన రోజుల్లో అసలు రాజు వేషమే లేదట అమ్మాయీ. తలుపు, తల్లి, అవతలి నుంచి ఒక గొంతు. తరువాత జమీందార్లు ఆడించుకున్నారు. వాళ్ళ ముందు ఆ తల్లి నవ్వుతూ చావాలి. మా అమ్మమ్మ అలాగే నవ్వుతూ చచ్చేది. స్వరాజ్యం గొడవల్లో శత్రువుల నెత్తిన దొరల టోపీలు పెట్టారు, కోట కాస్తా దేశం అయింది. సినిమాలొచ్చి జనం తగ్గాక మా నాన్న భయపడి ఆఖర్న దేవుణ్ణి దింపాడు. తల్లీ కొడుకూ లేచి పాట పాడేవాళ్ళు."

"మరి మీరు?"

"నేను ఆ వేషం కట్టిన రోజే దేవుణ్ణి ఎక్కనివ్వలేదు. మా నాన్న చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు."

రోజూ సహస్రనామం చదువుకునే దాన్ని, నాకు మనసు చివుక్కుమంది. "దేవుడు వస్తే తప్పేముంది పిన్నిగారూ?" అన్నాను.

"ఆయన రావడం తప్పు కాదు. మనిషి చేసిన పాపాన్ని ఆయన చేత తుడిపించడం తప్పు" అన్నారు, చేతిలో వత్తి నలుపుతూనే.

నేను ఇంకో వత్తి చేతిలోకి తీసుకున్నాను.

దసరాకు మా అపార్ట్‌మెంట్‌లో ఆ నాటకమే వేయిస్తూ, ఆవిడ నన్నే తల్లి వేషం కట్టమన్నారు. నా గొంతు వెనక వరుసకు వినపడదని గింజుకున్నాను. "అరిచే తల్లి అయితే తలుపు తీసేస్తుంది. తీయనిది నెమ్మదిగానే మాట్లాడుతుంది" అన్నారు.

సెల్లార్‌లో రిహార్సల్స్ చేస్తుంటే, గేటు దగ్గర సెక్యూరిటీ చేసే ఆమె డ్యూటీ దిగి వచ్చి చూసేది. పాలమూరు వైపు మనిషి. ఒకనాడు అడిగింది, "గా తల్లి తలుపు తీస్తే ఏమవుతుండె అమ్మా?"

"కోట పోయేది" అన్నారు పిన్నిగారు.

"తియ్యకుంటే కొడుకు పాయె. ఎటు జూసినా ఆమెకే కష్టం గద. మరి గా రాజుకేం పోయింది?"

పిన్నిగారు చేతికర్ర పక్కన పెట్టి ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. "ఇదిగో, ఇప్పుడైంది ఇది కొండాపూర్ నాటకం!" అన్నారు.

"ఏమో అమ్మా, గేటు కాడ ఎవర్ని ఆపినా తిట్లు మాకే" అని ఆమె నవ్వేసింది.

మర్నాటికి తల్లి ఆఖరి మాట మారిపోయింది. "కోట నిలిచింది. కొడుకు పోయాడు. రాజా, నీకేం పోయింది?"

నాటకానికి ముందురోజు రిహార్సల్ చూసిన కమిటీ సెక్రటరీకి ఇవేవీ నచ్చలేదు. "ఫెస్టివల్ రోజు చావుతో ఎండ్ చేస్తారా ఆంటీ? పిల్లలు డిస్టర్బ్ అవుతారు. ఆ రాజు డైలాగ్ కూడా కమిటీని అన్నట్టుంది. లాస్ట్‌లో దేవుడొచ్చి లేపేస్తాడు, సరేనా? కిరీటం ఆర్డర్ పెట్టేశాం" అన్నాడు. నా వైపు తిరిగి, "మీరు అంత భక్తిగా ఉంటారు, మీరైనా చెప్పండి" అన్నాడు.

"కిరీటం కొన్నాక ఇంక నన్నడగడం దేనికి నాయనా" అని పిన్నిగారు లేచారు. లిఫ్టు దగ్గర నాతో ఒకటే అన్నారు. "రేపు నేను కింద కూర్చుంటాను. పైన ఉండేది నువ్వు. లేస్తావో లేవవో నీ ఇష్టం."

మర్నాడు రాజు వేషం కట్టినాయన ముందు నిలబడి ఆ ప్రశ్న అడిగాను. నెమ్మదిగానే అడిగాను. తరువాత కొడుకు మీద పడి ప్రాణం విడిచాను. నీలం లైట్లలో దేవుడు వచ్చాడు. "లే తల్లీ! నీ త్యాగానికి మెచ్చాను." వీడియో ఇక్కడ ఆగుతుంది.

నేను లేవలేదు.

"లే తల్లీ" అన్నాడు మళ్ళీ. కొడుకు వేషం కట్టిన కుర్రాడు నా కింద నుంచి, "ఆంటీ, మనం లేవాలి" అని గొణిగాడు. "నువ్వూ పడుకో నాన్నా" అన్నాను. దేవుడు వంగి, కిరీటం పట్టుకుని, "ఆంటీ, ప్లీజ్, పాట వచ్చేస్తోంది" అన్నాడు. పాట రానే వచ్చింది. ఎవరో ఆపేశారు. స్వామీ, క్షమించు, ఇది నువ్వు చేసింది కాదు, నువ్వు తుడవక్కర్లేదు అని లోపల అనుకుంటూ కళ్ళు మూసుకునే ఉన్నాను. జనంలో చప్పట్లు లేవు. ఎవరి పిల్లో ఏడుస్తోంది.

అప్పుడు పిన్నిగారు ఒక చేత్తో హారతి పళ్ళెం, ఇంకో చేత్తో కూతురి భుజం పట్టుకుని మెట్లెక్కారు. రంగం మీద చనిపోయినవాళ్ళకు హారతి ఇవ్వడం వాళ్ళ బృందంలో ఆచారం. ఆ చావు వేషంతోనే పోవాలని, మనిషిని అంటకూడదని. ఎప్పుడూ లేచి నిలబడ్డాకే ఇస్తారట. ఆవిడ మాత్రం "లేవకు" అన్నారు. మోకాళ్ళ నొప్పితోనే కిందికి కూర్చుని, పళ్ళెం నా మొహం దగ్గరకు దించారు. మూసిన రెప్పల వెనక అంతా ఎర్రబడింది.

ఈ కాగితాలు దాచండి. గ్రూపులో పెట్టకండి, కమిటీకి చూపించకండి. చూపిస్తే దీని చివరా ఒక దేవుణ్ణి దింపుతారు. వచ్చే దసరాకు ఆ వేషం ఎవరు కడితే వాళ్ళు చదివితే చాలు. "లే తల్లీ" అని మిమ్మల్నీ పిలుస్తారు. పిలవనివ్వండి. కళ్ళు మూసుకుని, హారతి తెచ్చే ఆ ఎర్రటి వెలుగు వచ్చేదాకా అలాగే పడుకుని ఉండండి.