అడవి ఉల్లిపప్పు తిన్న సాయంత్రం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉంటుందని నేను నమ్మేవాణ్ణి కాదు. ఎంత తక్కువ తెలిస్తే అంత గట్టిగా మాట్లాడే వయసు. ఎనభైల మొదట్లో అమెరికాలోని ఐడహోలో ఎమ్మెస్ చదువుతూ, వేసవిలో మొక్కల సర్వే పనికి కుదిరాను. చెట్టన్నది కనబడని ఎండు కొండలు, వాటి నిండా మోకాలెత్తు బూడిదరంగు సేజ్‌బ్రష్ పొదలు. ఆ పొదల మధ్య ఏ మొక్క ఎక్కడుందో చూసి కాగితం మీద రాయడం నా పని. నేర్పింది మా ప్రొఫెసరమ్మ. అరవై దాటిన మనిషి, మెడలో భూతద్దం, కాళ్ళకి ఎప్పుడూ మట్టి బూట్లు (చాటుగా పూలమ్మ అనుకునేవాళ్ళం). మొదటిరోజే రెండు మొక్కలు నా ముందు పెట్టింది. రెండూ గడ్డిలాంటి ఆకులే, రెండింటి కిందా చిన్న గడ్డే. ఒకటి అడవి ఉల్లి. ఏటేటా అదే గడ్డలోంచి మొలిచి గులాబిరంగు పూలు పూస్తుంది. రెండోది డెత్ క్యామస్. గొర్రెలు తింటే గొర్రెలు పోతాయి, మనుషులు తింటే మనుషులు. "పువ్వుంటే గొడవే లేదు. లేకపోతే నలిపి వాసన చూడు. ఉల్లి వాసన వస్తేనే ఉల్లి," అంది. పుట్టిందగ్గర్నుంచీ ఉల్లిపాయలు తింటున్నవాడికి ఈవిడా చెప్పేది! మూడు వారాలపాటు మొక్క కనబడితే నలపడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, 'అడవి ఉల్లి' అని రాసెయ్యడం.

నా రూమ్మేట్‌ది తెనాలి వైపు. చుట్టరికమేమీ లేకపోయినా బావా అనేవాణ్ణి. ఊళ్ళో ఉన్న నలుగురు తెలుగువాళ్ళకీ అతను ఇంగువ బావ (నీళ్ళు కాచినా ఇంగువ వేస్తాడని ప్రతీతి). వంట అతనిది, ఉల్లిపాయలు తరగడం నాది. ఓ శనివారం, ఇంకా పువ్వు రాని అడవి ఉల్లి మొక్కలు గుప్పెడు పీక్కొచ్చాను. గడ్డల తొక్కలు ఒలిచి, ఆకూ గడ్డా పప్పులో వేసి పోపు పెట్టాడు బావ. ఇద్దరం పీకలదాకా తిన్నాం. చెయ్యి కడుక్కొచ్చి అతని భుజం మీద వేశాను.

"తియ్యరా బాబూ! పొద్దున ఉప్మాకి ఉల్లిపాయలు తరిగితే సాయంత్రం దాకా అదే కంపు. సబ్బుకి కూడా లొంగదు నీ చెయ్యి," అన్నాడు.

తీసిన చేతిని వాసన చూసుకున్నాను. రోజూ ఉల్లిపాయలు తరిగే కదా నేను కొండకెళ్ళేది! మూడు వారాలుగా నేను వాసన చూసింది మొక్కలనా, నా వేళ్ళనా?

సంగతి చెప్పాను. బావ కుర్చీలో కూలబడ్డాడు. "ఓరి నీ మొక్కల చదువు తగలెయ్య! కన్ఫర్మ్ చేసుకోకుండా తెచ్చావా? మా అమ్మకేం చెప్తావురా?"

"నేనూ తిన్నాగా బావా, చెప్పడానికి నేనుంటేగా!"

పూలమ్మకి ఫోన్ చేశాను. "వాంతి వస్తోందా? నోరు తిమ్మిరెక్కిందా?" అనడిగింది. లేదన్నాను. "తొక్కలు పారెయ్యకు, వస్తున్నా. ఏమాత్రం తేడా చేసినా అంబులెన్స్ పిలు," అని పెట్టేసింది. ఆవిడ వచ్చేలోపు, ఆ పది నిమిషాల్లో బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, మీ అమ్మ పంపిన ఆవకాయ బూజు పట్టిందని పారేశానన్నాను చూడు... పారెయ్యలేదురా. నేనే తినేశా." పోన్లే బావా అన్నాను, కళ్ళనీళ్ళతో. చావుముందు ఆవకాయేమిటి!

పూలమ్మ గుమ్మంలో ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, "ఈ ఇంట్లో గులాబీని నలిపినా ఉల్లి వాసనే వస్తుంది," అని చెత్తబుట్టతో బయటికి నడిచింది. మెట్టు మీద కూర్చుని ఒక్కో తొక్కా భూతద్దం కింద పెట్టింది. ఉల్లి తొక్క మీద సన్నటి వల అల్లినట్టు గీతలుంటాయిట. "ఉల్లి." పక్కన పెట్టింది. "ఉల్లి." పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూసేవాళ్ళలా ఇద్దరం నిలబడ్డాం. ఆఖరిదాన్ని చూసి, అద్దం తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇదీ ఉల్లే. పొండి, బతికారు."

బావ గడ్డి మీద చతికిలబడి భోరుమన్నాడు. నాకు నవ్వాగలేదు. హమ్మయ్య, ఈ లోకంలోనే ఉన్నాం! కాసేపు నవ్వాక, "ఆవకాయ మొత్తం తినేశావా బావా?" అని మొదలుపెట్టాను.

సర్వే మొత్తం మళ్ళీ చేయించింది పూలమ్మ. నేను 'అడవి ఉల్లి' అని రాసినవాటిలో డెత్ క్యామస్‌లు బోలెడు తేలాయి. ఆ వేసవంతా ఉల్లిపాయలు బావే తరిగాడు.

చాలా ఏళ్ళకి ఆ యూనివర్సిటీకి వెళ్ళి, ఎండిన మొక్కలు అట్టలకి అంటించి దాచే గదిలోకి తొంగిచూశాను. ఆనాడు మా సింకులో మిగిలిపోతే పూలమ్మ పట్టుకెళ్ళిన మొక్క ఒకటి అక్కడుంది. కింద దాని పేరు, తెచ్చినవాడిగా నా పేరు, ఆ కింద పూలమ్మ చిన్న అక్షరాలు: "మిగతావి తెచ్చినవాడే తిన్నాడు. క్షేమం." ఆ చివరి మాట రెండుసార్లు చదువుకుని, ఎంత అదృష్టవంతుడివిరా అబ్బాయ్ అని ఆ ఇరవై నాలుగేళ్ళవాడితో అన్నాను.