ఉప్పు గోదాం పోయింది

బరంపురంలో మాకు భవన నిర్మాణ చరిత్ర చెప్పిన మాస్టారు ఏ పాత కట్టడం దగ్గరికి వెళ్లినా ముందు గోడ మీద అరచెయ్యి ఆనించి, "ఏటమ్మా, ఒంట్లో ఎలాగుంది?" అని అడిగేవారు. మేము నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం.

ఒకసారి హుమ్మలో పాత ఉప్పు గోదాం చూపించడానికి తీసుకెళ్లారు. మేం వెళ్లేసరికే దాన్ని కూల్చడానికి బుల్డోజరు వచ్చి ఉంది. మాస్టారు దానికి అడ్డంగా నడిచి, గోడ మీద చెయ్యి వేసి, ఎప్పటిలాగే అడిగారు.

డ్రైవరు కిందికి దిగాడు. "ఏటంతంది సారూ?"

"ఇంకా ఏటీ సెప్పలేదు. నీ బండి గోలలో దానికి ఇనబడొద్దేటి?"

డ్రైవరు ఇంజను ఆపేశాడు. సాయంత్రం దాకా అందరం గోడకేసి చూస్తూ కూర్చున్నాం. చివరికి కాంట్రాక్టరు వచ్చి అరిచాడు.

"అరవకండి బాబూ, పెద్దాయన పలకరిస్తన్నారు," అన్నాడు డ్రైవరు గొంతు తగ్గించి.

అయినా మర్నాడు ఆ డ్రైవరే కూల్చాల్సి వచ్చింది.

మాస్టారు క్లాసులకు రావడం మానేశారు. అంకులిలో వాళ్లింటికి వెళితే ఆయన భార్య గుమ్మంలోనే ఆపారు.

"ముట్టుకోకండి బాబూ, మాకు మైల."

పెరట్లో మాస్టారు గుండుతో కూర్చుని ఉన్నారు. పక్కన ఇంకొకతను వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అతనిదీ కొత్త గుండే కావడంతో డ్రైవరని పోల్చుకోవడానికి మాకు కాసేపు పట్టింది.