మూడో పెట్టె

మొన్న ఆదివారం దేవనహళ్ళి దాటి కొంచెం దూరం పోయాక మా అల్లుడు కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. టైరు పంక్చరు కాలేదు, ఇంజను వేడెక్కలేదు. మధ్యాహ్నం ఎక్కడ భోంచేయాలో తేలలేదు, అంతే. ముందు సీట్లో మా అమ్మాయి ఫోను పట్టుకుని ఏ హోటలుకు ఎన్ని స్టార్లు ఇచ్చారో పైకి చదువుతోంది. ఒకదానికి స్టార్లు బాగానే ఉన్నాయి కానీ బిర్యానీలో ఉప్పెక్కువని ఎవరో రాశారు. ఇంకోదాని దగ్గర కారు పెట్టుకోవడానికి చోటు లేదట. మరొకటి అన్నివిధాలా బాగుంది కానీ వచ్చిన దారినే వెనక్కి పోవాలి. రోడ్డుకు అవతల, రేకుల కప్పు కింద, ఒకామె పెద్ద పెనం మీద దోసెలు పోస్తోంది. నేను డోరు తీసి దిగాను, మళ్ళీ ఎక్కాను, మళ్ళీ దిగాను. "నాన్నా, సుమ్నే కూర్చో. ఎండగా ఉంది" అంది అమ్మాయి. అలా ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. ఆమె ఫోను మీద వేలితో పైకి తోసినప్పుడల్లా మా మేనమామ ఒక పెట్టె మూసి ఇంకో పెట్టె తెరుస్తున్నట్టే అనిపించింది.

మా మామకు బెంగళూరు బళేపేటలో, ఒక ఇరుకు సందులో గాజుల అంగడి ఉండేది. ఆ సందులో ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు ఏదో ఒక అంగడి మెట్టెక్కి దారివ్వాలి. అలా దారివ్వడానికి తన మెట్టెక్కిన ఆడవాళ్ళతోనే తనకు సగం వ్యాపారం అని ఆయన అనేవాడు. ఆయన అమ్మకానికి ఒక పద్ధతి ఉంది. మొదటి పెట్టె తెరిచి ముందు పెడితే వచ్చినామె వేళ్ళతో అటూ ఇటూ కదిలించి పెదవి విరుస్తుంది. అది ఆయనకు ముందే తెలుసు. రెండో పెట్టె తెరుస్తాడు. ఆమె కొంచెం ముందుకు వంగుతుంది, అయినా తల అడ్డంగా ఊపుతుంది. అప్పుడాయన బయటికి తీయకూడనిదేదో తీస్తున్నట్టు సందేహించి, ఒక నిట్టూర్పు విడిచి, నిచ్చెన ఎక్కి పై అరలోంచి మూడో పెట్టె దించుతాడు. దాని మీద దుమ్ము కూడా తుడవడు. ఆమె ఆ దుమ్ము చూసే సగం మెత్తబడుతుంది. "మనిషి కంటికి మొదట కనబడిందాన్ని మెచ్చడప్పా, దాచిపెట్టిందాన్ని మెచ్చుతాడు" అని నాకు చెప్పేవాడు.

అమ్మేచోట నేర్చిన ఈ పాఠాన్ని ఆయన కొనేచోట కూడా పాటించేవాడు. టెంకాయలు కొన్నా, దర్జీని వెతికినా, మొదటి ఇద్దరినీ దాటిపోవాల్సిందే. మా అత్త కూడా ఆయన చూసిన మూడో సంబంధమేనని మా అమ్మ నవ్వుతూ చెప్పేది. ఆ మాట వచ్చినప్పుడు మా అత్త, "ఆ ముందరి ఇద్దరూ తప్పించుకున్యారు" అనేది.

నేను చెప్పబోయే ప్రయాణం నాటికి మా అత్తకు కడుపు ఆపరేషను అయి కొన్ని నెలలైంది. గాయం మానింది కానీ ఆకలి తిరిగి రాలేదు. పెడితే రెండు ముద్దలు మింగేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఒకే మాట చెప్పాడు: ఆకలి దానంతటది రావాలి, వచ్చినప్పుడు వెంటనే ఏదో ఒకటి పెట్టండి, అది నిలబడిందంటే మనిషి నిలబడినట్టే. మామ వైద్యుల భాష నమ్మేవాడు కాదు. ఆయన అత్త జబ్బును గాజులతో కొలిచేవాడు. ఆమెది రెండు ఆరు సైజు చేయి. ఇప్పుడు ఆ గాజులు చేయి పైకెత్తితే మోచేతి దాకా జారుతున్నాయి. చిన్న సైజు తెచ్చి ఇస్తానంటే ఆమె ఒప్పుకోలేదు, ఆయన రెండోసారి అడగలేదు. చిన్న గాజులు వేస్తే ఓడిపోయినట్టేనని ఇద్దరికీ అనిపించిందనుకుంటాను.

వాళ్ళబ్బాయి తన ఆఫీసులోనే పనిచేసే గుంటూరు వైపు అమ్మాయిని ఇష్టపడ్డాడు. తాంబూలాలకు మేము వాళ్ళ ఊరు పోవాలి. అబ్బాయి ముందే వెళ్ళిపోయాడు. అంగడి వ్యానులో మామ, అత్త, నేను బయల్దేరాం. నన్ను పిలుచుకుపోవడానికి కారణం ఉంది. తరతరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళం, ఇంట్లో మాట తెలుగే, కానీ బడి కన్నడం. మామకు తెలుగు అక్షరం రాదు. నాకూ బడిలో రాలేదు. పదోతరగతితో చదువాపి పీణ్యలో లేతు మిషను మీద పనికి చేరాక, సెలవు రోజుల్లో మా పేట గ్రంథాలయంలో కూర్చుని, కన్నడ అక్షరానికి తలకట్టు ఎక్కడ మారుతుందో చూసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. అక్కడి ఒకే ఒక్క తెలుగు బీరువాను పై అర నుంచి కింది అర దాకా చదివేశాను. ఈ సంగతి నేను ఎవరికి చెప్పాల్సి వచ్చినా కొంచెం ఎక్కువే చెబుతాను. కాబట్టి ఆ ప్రయాణంలో నా పని హోటళ్ళ బోర్డులు చదవడం.

తెల్లవారకముందే బయల్దేరి, కదిరి దాటి, పోరుమామిళ్ళ దాటి పోతున్నాం. నాకు తెలిసిన మాట యాస క్రమంగా మారిపోతోంది. టీ అడిగితే ఒకాయన మమ్మల్ని పైకీ కిందికీ చూసి "కన్నడపోళ్ళా?" అన్నాడు. మన భాష నేలలో మనమే పరాయివాళ్ళం కావడం నాకు వింతగా అనిపించింది, మామకు చిరాగ్గా అనిపించింది. గిద్దలూరు ఇంకా కొంచెం దూరం ఉందనగా వెనక సీట్లో దిండు మీద ఒరిగి ఉన్న అత్త లేచి కూర్చుంది.

"ఆకలైతా ఉండాది" అంది.

వ్యాను ఒక్కసారి పక్కకు తూలింది. "ఏమంటివి?" అన్నాడు మామ.

"ఆకలైతా ఉండాదంటిని. పత్రం రాసియ్యాల్నా?"

గిద్దలూరు మొదట్లోనే పచ్చరంగు గోడల హోటలు కనబడింది. గుమ్మం పక్కన అరిటాకుల కట్ట, లోపలినుంచి వెల్లుల్లి తాలింపు వాసన. బోర్డు చదివాను: ఇంటి భోజనం. మామ వేగం తగ్గించి, తల వంచి చూసి, మళ్ళీ పెంచాడు. "రోడ్డు మీదికొచ్చి పిలుస్తా ఉండాది. ఇది మొదటి పెట్టెప్పా" అన్నాడు. కంభంలో ఇంకొకటి, ముందర లారీలు నిలిచి ఉన్నాయి. లారీలవాళ్ళు తినేచోట తిండి బాగుంటుందని అందరూ అనే మాటే నేనూ అన్నాను. "అందరూ అనేదే రెండో పెట్టె" అన్నాడు. ఫోనులో చూస్తానంటే, అందులో కనబడేదంతా మొదటి పెట్టె సరుకేనన్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. "మామా, డాక్టరు వెంటనే పెట్టమన్నాడు కదా, నిలుపు" అన్నాను.

"ఇన్ని నెలలకు ఒక తూరి ఆకలన్నాది. కారంనీళ్ళు పోసి దాన్ని కూడా చంపాల్నా? తినేది ఒక ముద్దే అయితే ఆ ముద్ద మంచిది కావాల."

ఆయన భార్యకు ఊరికే తిండి పెట్టాలనుకోవడం లేదు, పై అరలోంచి దించి పెట్టాలనుకుంటున్నాడు. కంభం తర్వాత రోడ్డు కొత్తది, వెడల్పాటిది, ఊళ్ళను తాకకుండా పక్కనుంచి పోతోంది. బోర్డులు లేవు, మనుషులు లేరు, రెండువైపులా ఎండిన పొలాలు. ఇలాంటప్పుడు నాకు మాట్లాడకపోతే తోచదు. మార్కాపురం దగ్గర పడుతోందని, చిన్నప్పుడు మనం దిద్దిన పలకలు ఇక్కడి రాయేనని, అది గ్రంథాలయంలో చదివానని చెప్పాను. "పలకలు తింటారా?" అన్నాడు మామ. అద్దంలో అత్తను చూడటం, ముందుకు చూడటం, మళ్ళీ అద్దంలో చూడటం. ఆమె చేతి గాజులను ఒకటొకటిగా పైకి జరుపుకుంటూ కిటికీలోంచి చూస్తోంది.

చివరికి దొరికింది మూడోది. అద్దాల తలుపులు, ఏసీ, మామ మనసులోని పై అరలాగే ఉంది. భోజనాల వేళ అయిపోయి వంటవాళ్ళు పాత్రలు కడుగుతున్నారు. మామ ఎవరెవరినో బతిమాలి వేడన్నం, పప్పు, నెయ్యి పెట్టించాడు. నెయ్యి తానే వడ్డించాడు. అత్త ఆకు వైపు కొంతసేపు చూసింది.

"పోయిందప్పా" అంది నాతో, ఆయన వైపు చూడకుండా.

"ఏం పోయింది అత్తా?"

"ఆకలి. వాకిట్లో నిలబెట్టేస్తిమి కదా. ఎంతసేపని నిలబడతాది?"

కోపంగా అనలేదు. వచ్చి వెళ్ళిపోయిన చుట్టం గురించి చెప్పినట్టు చెప్పింది. మామ తన ఆకును మడిచి లేచాడు. ఆయనా తినలేదు. వియ్యాలవారింట్లో గోంగూర, పులిహోర, ఎన్ని వడ్డించినా అత్త మజ్జిగ తాగి ఊరుకుంది. మామ మాత్రం కనబడిన ప్రతి మనిషినీ బెంగళూరు దారిలో మంచి హోటలు ఏదని అడుగుతూ వాకిట్లో తిరిగాడు. ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్పారు. ఆయన అన్నిటినీ విన్నాడు, దేన్నీ నమ్మలేదు.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున అత్త నన్ను వెనక్కి పంపి తాను ముందు సీట్లో కూర్చుంది. వినుకొండ దాటిన కొంచెం సేపటికే రోడ్డు పక్కన తాటాకు పందిరి వచ్చింది. బోర్డు కూడా లేదు, ఒక అట్టముక్క మీద సుద్దతో 'టిఫిను' అని ఉంది. నేను దాన్ని చదివి వినిపించాను.

"నిలపండి" అంది అత్త.

"ఇది..." అన్నాడు మామ.

"మొదటి పెట్టె. తెలుసు. నిలపండి."

"ఆకలైతా ఉండాదా?"

"లేదు. ఇన్నాళ్ళూ అది వచ్చేదాకా మనం కాచుకోని ఉంటిమి. ఈ తూరి మనం పోయి కూర్చుందాం, అదే వస్తాదేమో."

బెంచీ ఒక కాలు కురచ. ఇడ్లీలు వచ్చాయి, అంచులు బిరుసెక్కి. మామ ప్లేటు వైపు చూసిన చూపు చూస్తే ఆ ఇడ్లీలు సిగ్గుపడాలి. అత్త ఒకటి తుంచుకుంటూ అంది: "సంబంధం కుదిరినంక మా నాయన నన్ను మీ అంగడికి పిలుచుకొచ్చినాడు, గాజులకు. నేను మొదటి పెట్టెలోనే చేయి పెడితిని. మీ నాయన నగినాడు, పాపం ఏమీ తెలీని పిల్ల అని. మూడో పెట్టెలో ఉండేదీ ఆ గాజులేనని పెండ్లైనంక మీరే కదా చెప్పితిరి?"

మామ నా వైపు చూశాడు. అంగడి గుట్టు మేనల్లుడి ముందు బయటపడినందుకో, ఇంకెందుకో, చెవులు ఎర్రబడ్డాయి. "కొన్ని తూర్లు వేరేవి కూడా ఉంటాయి" అని గొణిగాడు.

అత్త ఒక ఇడ్లీ పూర్తి చేసి, చట్నీలో వేలు ముంచి నాకింది. మొహం చిట్లించింది. "థూ, చట్నీ నీళ్ళు. చెనిక్కాయలు వేసినారో, చూపించి తీసేసినారో" అంది. తర్వాత పందిరివాడి వైపు తిరిగి, "ఇంకొకటి పెట్టప్పా" అంది.

జబ్బు పడ్డప్పటినుంచి మా అత్త ఏ తిండికీ వంక పెట్టలేదు. వంక పెట్టడానికి నాలుకకు రుచి తెలియాలి కదా. మామ లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు. ఆయన అప్పటికి ఏమీ తినలేదు. బిందె దగ్గర మాకు వీపు పెట్టి చాలాసేపు చేతులు కడిగాడు. తిరిగి వచ్చి అవే ఇడ్లీలు తిన్నాడు. "చట్నీ నిజంగానే నీళ్ళు" అన్నాడు, ఎంతో తృప్తిగా.

మా అత్త చేయి మళ్ళీ రెండు ఆరుకు రాలేదు, రెండు నాలుగు దగ్గర నిలబడింది. మామ ఆ సైజు గాజులు తెచ్చిస్తే ఈసారి వేసుకుంది. తర్వాత కొన్నేళ్ళు వాళ్ళిద్దరూ బాగానే తిరిగారు. ఏ దారిన పోయినా మొదట కనబడిన హోటల్లో తిని, తిన్నంతసేపూ దాన్ని తిట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరూ లేరు. బళేపేటలో ఆ అంగడి ఉన్నచోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. గ్రంథాలయం బీరువాలో నేను చదివిన పాత యాత్రల పుస్తకాల్లో ఎవరూ ఎక్కడ తినాలని వెతకలేదు. మధ్యాహ్నానికి ఏ సత్రం చేరితే అక్కడ తిన్నారు. బాగుంటే బాగుందని రాశారు, బాగులేకపోతే ఆ ఊరి బావి నీళ్ళు తియ్యగా ఉన్నాయని రాశారు.

దేవనహళ్ళి రోడ్డు మీద అమ్మాయి ఇంకా చదువుతూనే ఉంది. నేను రోడ్డు దాటి రేకుల కప్పు కిందికి పోయి మూడు దోసెలు చెప్పాను. వాళ్ళిద్దరూ వెనకే పరుగెత్తుకొచ్చారు. "ఇక్కడ బాగుంటుందని నీకెలా తెలుసు నాన్నా?" అంది అమ్మాయి. తెలీదన్నాను. దోసె ఒక అంచున మాడింది, మధ్యలో మాత్రం మెత్తగా ఉంది. కాలం కూడా అంగడి పెట్టుకుని కూర్చున్నదే. కానీ మొదటి పెట్టె వద్దంటే మనకోసం అది నిచ్చెన ఎక్కుతుందని ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.