చిన్నమ్మ చేతికిచ్చిన క్యాసెట్

పాత కంప్యూటర్ల వీడియోలు చూడటం నాకు ఈ మధ్య పట్టుకున్న పిచ్చి. ఎక్కడెక్కడి మనుషులో మూలన పడ్డ మిషన్ల మూతలు విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, మళ్లీ బతికిస్తుంటారు. తెర మీద ఆ నీలం రంగు రాగానే నాకు ఏడుపొస్తుంది. ఎందుకో నాకే తెలియదు. నిజామాబాద్‌లో పొద్దున లేస్తే కంప్యూటర్ల ముందే నా ఉద్యోగం. అవి మొరాయిస్తే నేను తిట్టే తిట్లు పక్క గదిదాకా వినబడతాయి. అలాంటిదాన్ని, చిన్నప్పుడు బోధన్‌లో మా ఇంట్లో ఉండి, సరిగ్గా ఏ పనికీ రాని ఒక నల్ల పెట్టె కోసం కళ్లు తుడుచుకోవడం ఏమిటి? ఒకరోజు మా ఆయన చూసి, "ఎవలన్న పోయిండ్రా?" అని అడిగాడు. పోయింది మనిషి కాదని చెప్పడానికి సిగ్గేసింది.

ఆ పెట్టె దుబాయి నుంచి వచ్చింది. పంపింది మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు. నిజానికి ఆయన ఉన్నది కువైట్‌లో. కానీ మా దిక్కు సముద్రం దాటి పనికి పోయినవాళ్లందరూ దుబాయికి పోయినట్టే లెక్క. పెళ్లయిన కొద్ది కాలానికే ఆయన వెళ్లిపోయాడు. చిన్నమ్మ మా ఇంట్లోనే, మా అమ్మకు తోడుగా ఉండేది.

చిన్నబాపుకు రాయడమంటే మహా బద్ధకం. క్యాసెట్‌లో మాట్లాడి పంపేవాడు. అప్పుడు దుబాయి మనుషులున్న ప్రతి ఇంట్లో అదే పద్ధతి. సెలవు మీద వచ్చేవాళ్లెవరో తెచ్చి ఇస్తే, బాపు చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, టేప్ రికార్డర్ నడుమ పెట్టుకుని అందరం చుట్టూ కూర్చునేవాళ్లం. వాడకట్టువాళ్లు కూడా వచ్చేవారు. "అవ్వా, మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయ్? అన్నా, చెరుకు నరికిండ్రా? వదినే, పిల్లలు బడికి మంచిగ పోతుండ్రా?" వరస తప్పకుండా అందరినీ అడిగేవాడు. బర్రె ఈనిందా అని కూడా అడిగేవాడు. చిన్నమ్మను మాత్రం అడిగేవాడు కాదు. అంతమంది వింటుండగా పెళ్లానితో మాట్లాడితే వీడికి సిగ్గు లేదంటారు. ఇక పేరు పెట్టి పిలవడమనేది మా ఇళ్లలో లేనే లేదు. ఎదురుగా ఉన్నా 'ఏమే' అనే. క్యాసెట్ అయిపోయే ముందర "ఇంట్ల అందరు పైలంగుండుండ్రి" అనేవాడు. ఆ 'అందరు'లోంచి తన వాటా తానే ఏరుకునేది చిన్నమ్మ, తలుపు వెనక నిలబడి.

ఆ ఏడు ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు బారులు తీరిన రోజుల్లో, వర్ని దిక్కు మనిషి ఒకాయన కువైట్ నుంచి వస్తూ మా ఇంటికి ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. దాన్ని బాపు ముందు దించి, చొక్కా జేబులోంచి క్యాసెట్ తీసి, ఎవరికివ్వాలా అన్నట్టు చుట్టూ చూశాడు.

"గిది ఇంటామె చేతిలనే పెట్టుమన్నడు," అన్నాడు.

అందరి తలలూ చిన్నమ్మ వైపు తిరిగాయి. చిన్నమ్మ కొంగుతో చేయి తుడుచుకుని క్యాసెట్ అందుకుంది. ఆమె మొహం అలా ఉండగా నేను అంతకుముందు చూడలేదు. అది తీసుకుని లోపలికి పోవాలని ఆమెకు ఎంత ఉండి ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది. కానీ మా అవ్వ ఊరుకోదు కదా. "పెట్టు బిడ్డా, ఇందాం. కొడుకు గొంతు ఇని ఎన్ని దినాలాయె," అంది. చిన్నమ్మే తన చేతులతో క్యాసెట్ పెట్టి మీట నొక్కింది.

గొంతు రాలేదు. పొడుగ్గా, చెవులు చిల్లులు పడేట్టు ఒక కూత వచ్చింది. తర్వాత ఇసుకలో రేకు గీరినట్టు బరబరమని మోత. బాపు ఆపి, తిప్పి, మళ్లీ పెట్టాడు. రెండో వైపు ఏమీ లేదు. అవ్వ టేప్ రికార్డర్‌ను రెండు దెబ్బలు వేసింది. మళ్లీ అదే కూత. చిన్నమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "ఆయనకేదో అయింది," అని ఒకటే ఏడుపు. తెచ్చిన మనిషి, "మంచిగనే ఉన్నడమ్మా, నిన్న మొన్ననే సూసిన," అంటున్నా వినలేదు.

ఇక అట్టపెట్టె విప్పితే గందరగోళం ఇంకా పెరిగింది. అందులో మీటలున్న ఒక నల్ల పలక, కొన్ని వైర్లు, ఒక పుస్తకం. బాపు దాన్ని టైపు మిషన్ అనుకుని కాగితం ఎక్కించే చోటు కోసం వెనకా ముందూ వెతికాడు. అవ్వ హార్మోనియం అంది. ఒక్కో మీట మీద ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన ఉర్దూ అక్షరం. టీవీకి తగిలిస్తే తెర నిండా ఆ అక్షరాలే, కుడి నుంచి ఎడమకు. ఇది మా ఇంటి టీవీలోనే చూసినట్టు నాకు బాగా గుర్తు. మనకప్పుడు టీవీ ఎక్కడిది, కొన్నది ఎండాకాలంలో కదా, ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఎవరింటికో మోసుకుపోయాం కదా అంటుంది అమ్మ. ఇద్దరం ఒట్టు పెట్టగలం.

ఉర్దూ కనబడ్డాక ఇంకేముంది, మా గల్లీ చివరన ఉండే ఉర్దూ సారును పిలుచుకొచ్చారు. సారు కుర్చీ ముందుకు జరుపుకుని తెర మీదిది గడగడా చదివేశాడు. మేమంతా సంబరపడ్డాం.

"ఏమున్నది సారూ?" అన్నాడు బాపు.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చదువస్తున్నది గని సమజ్ అయితలేదన్నా. హరఫ్‌లు, గీ అచ్చరాలు, మాయే, మాటలు మాయి కావు. గిది అరబ్బీ," అన్నాడు. పాపం, అంత బాగా చదివి చివరికి మాతో సమానమైపోయాడు. అయినా పుస్తకం తిరగేస్తూ ఒక బొమ్మ దగ్గర ఆగాడు. టేప్ రికార్డర్ నుంచి ఆ నల్ల పలకకు వైరు పోతున్న బొమ్మ. క్యాసెట్ మనుషులు వినడానికి కాదు, ఈ మిషన్ వినడానికి అని ఆ బొమ్మ చూసి కనుక్కున్నాం. వైరు తగిలించి పెడితే, చాలాసేపు ఆ కూతలన్నీ కూసి, తెర మీద ఒక బంతి వచ్చి అటూ ఇటూ ఎగరడం మొదలుపెట్టింది.

"నీ మొగడు నీకు బంతాట పంపిండే!" అని అవ్వ పడీ పడీ నవ్వింది. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ చిన్నమ్మే నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆ మిషన్ మిగతా కథంతా నాది. సెలవుల్లో దాని ముందునుంచి లేచేదాన్ని కాదు. పుస్తకంలో ఇంగ్లీషులో ఉన్న నాలుగు ముక్కలు చూసి కొట్టి, తెర నిండా నా పేరు పడేలా చేశాను. కరెంటు పోతే అంతా తుడిచిపెట్టుకుపోయేది. బోధన్‌లో కరెంటు పోని రోజేది? మళ్లీ మొదటినుంచి కొట్టేదాన్ని. ఎండాకాలపు ఉక్క, ఫ్యాక్టరీ నుంచి వచ్చే చెరుకు మడ్డి వాసన, వేళ్ల కింద ఆ మీటల టకటక. ఇవి తలుచుకుంటే ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. ఒక్కటే చికాకు. బంతాట కావాలంటే క్యాసెట్ చిన్నమ్మనే అడగాలి. ఇచ్చేది, ఆట తెర మీదికి రాగానే చేయి చాపి తీసుకునేది. "గందుల మాట అన్నది ఏం లేదా బిడ్డా?" అని అడిగేది. లేదు చిన్నమ్మా, అది ఆట అని నేను పెద్ద ఆరిందాలా చెప్పేదాన్ని. "లేదా?" అని ఊరుకునేది. తర్వాత మధ్యాహ్నం పూట టేప్ రికార్డర్ తీసుకుని వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుని, చిన్నగా పెట్టుకునేది. పాటలు వింటుందనుకునేదాన్ని.

తర్వాత ఒకసారి కరెంటు హెచ్చుతగ్గులకు మిషన్ మాడిపోయింది. చాలా కాలం అల్లిక గుడ్డ కప్పుకుని టీవీ పక్కన కూర్చుంది. నేను హాస్టల్లో ఉండగా పాత సామాన్లవాళ్లకు ఇచ్చేశారు. చిన్నబాపు దుబాయి మానుకుని వచ్చి, వర్నిలో కాలవ కింద కొంచెం పొలం కొని చిన్నమ్మను తీసుకుపోయాడు. ఫ్యాక్టరీ మూతపడింది.

వీడియోల పిచ్చి ముదిరాక నాకు ఆ క్యాసెట్ గుర్తొచ్చింది. ఇప్పుడు ఆ పాత మిషన్‌లాగా నటించే ప్రోగ్రాములు ల్యాప్‌టాప్‌లో దొరుకుతాయి. క్యాసెట్ ఉంటే ఆ బంతిని మళ్లీ చూడొచ్చు. మొన్న ఒక ఆదివారం, వెతికి కొన్న పాత టేప్ రికార్డరూ ల్యాప్‌టాపూ పట్టుకుని వర్నికి పోయాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను, ఈ వయసులో బంతాట కోసమా అని.

చిన్నమ్మ ట్రంకు పెట్టె అడుగున, డాంబరు గోలీల వాసనేసే చీర మడతల్లోంచి క్యాసెట్ తీసింది. నా చేతికి వెంటనే ఇవ్వలేదు. "నువ్వు గింత సదువు సదివినవు. ఒకపాలి మంచిగ సూడు బిడ్డా. గందుల నాకని ఏమన్న సెప్పిండా?" అంది.

ఇన్నేళ్లూ భర్త పక్కనే ఉంటే నన్నడుగుతుందేమిటి? మంచం మీద పడుకున్న చిన్నబాపు వైపు తిరిగి నేనే అడిగాను, అప్పుడు చిన్నమ్మ చేతిలోనే పెట్టమని ఎందుకన్నావని.

"యాదికి లేదు బిడ్డా," అన్నాడు. కొంచెం ఆలోచించి, "పోరగాండ్లు ఆగం జేస్తరని అన్ననేమో. నువ్వే ఆగం జేసేదానివి. దీని చేతిల ఉంటె పదిలంగుంటదని," అన్నాడు.

చిన్నమ్మ క్యాసెట్ నాకిచ్చి, కొంగు సర్దుకుని నేల మీద కూర్చుంది. నాకు చిన్నబాపు మీద ఒళ్లు మండింది. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది ఈయనకు? వెంటనే నా మీద నాకు కూడా మండింది. అడగకపోతే ఏం పోయేది నాకు?

వైరు తగిలించి, శబ్దం బయటికి కూడా వినబడేట్టు చేసి, మీట నొక్కాను. అదే కూత. కొంచెం వణుకుతోంది, అంతే.

"గిప్పుడు గొంతు మారుతది," అంది చిన్నమ్మ.

మారింది. బరబర మొదలైంది.

"ఇగ జరసేపు ఆగుతది." ఆగింది. "మల్ల అందుకుంటది." అందుకుంది.

చిన్నబాపు లేచి కూర్చున్నాడు. "నీకెట్ల ఎరుకనే?"

"దినాం ఇన్న గద. నువ్వొచ్చేదాంక."

"గందుల ఏమున్నదని ఇన్నవ్?"

"నువ్వున్నవనుకున్న," అంది చిన్నమ్మ, టేప్ రికార్డర్ వైపే చూస్తూ. "అందరు ఆటన్నరు. నేను గూడ నవ్విన. గని నా సేతికే ఇయ్యమంటివి. గాడ నీకేదో కష్టమొచ్చింది, అందరి ముంగట సెప్పరాక గిట్ల మొత్తుకొని నాకు పంపినవనుకున్న. ఇనంగ ఇనంగ మాటలు గూడ ఇనొచ్చినయ్."

చిన్నబాపు నవ్వుతాడని భయపడ్డాను. నవ్వలేదు. మెల్లగా మంచం దిగి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. "మొదటికెల్లి పెట్టు బిడ్డా," అన్నాడు.

క్యాసెట్ వెనక్కి తిప్పి పెట్టాను. కూత మొదలైంది. ల్యాప్‌టాప్‌లో బంతి వచ్చిందో రాలేదో నేను చూడలేదు. ఇన్ని రోజులు దేని కోసం ఏడ్చానో కూడా ఆ క్షణంలో నాకు అంతుపట్టలేదు.

"ఈడ ఏమన్న?" అని అడిగాడు చిన్నబాపు.

"ఏళకు ఇంత బువ్వ తిను అన్నవ్."

"ఈడ?"

"ఎండకు తలకాయ పలుగుతున్నది అన్నవ్."

ఆయన తల ఊపాడు. "నిజమే. పలుగుతుండె," అన్నాడు. బరబర ఆగి, మళ్లీ సన్నటి కూత అందుకుంది. "ఈడ?"

చిన్నమ్మ కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ నా వైపు ఒకసారి చూసి, తల దించుకుంది.

"ఈడ నన్ను పేరు పెట్టి పిలిచినవ్."

చిన్నబాపు కాసేపు ఆ కూత విన్నాడు. తర్వాత, అది ఇంకా కూస్తుండగానే, నేను ఆయన నోట ఎన్నడూ వినని ఆ పేరు పలికాడు.

"ఆఁ," అంది చిన్నమ్మ.