రొయ్యల చెరువుకు మంచినీళ్లు

మా తాతగారి రోజుల్లో, భీమవరం దిగువన మా వరిచేల గట్టెక్కి చూస్తే అవతలి గట్టు కనపడేది కాదట. నా దాకా వచ్చింది ఉప్పుటేరు పక్కన రెండెకరాల చౌడు, వంగని నడుము.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. ఐరోపా పాఠమంటే నాకు ప్రాణం. బొగ్గు, ఇనుము పక్కపక్కన దొరికిన చోటే ఉక్కు కర్మాగారాలు వెలిశాయనీ, నేల ఏదిస్తే మనిషి ఆ పనే చెయ్యాలనీ బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఇంటికొచ్చి, ఉప్పు పేరుకున్న ఆ చేలో మళ్లీ వరే నాటించేవాణ్ణి.

తొంభైల్లో చుట్టూ రొయ్యల చెరువులు లేచాయి. ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసినవారి కోడలు వచ్చి ఆ చౌడు చెరువుకని కౌలుకు అడిగింది.

"మా వంశంలో వరి తప్ప వేరేది వెయ్యలేదమ్మా."

"ఆ చేలో వరి మాత్రం ఎప్పుడు పండిందండీ, బాబుగారూ?"

ఇచ్చేశాను. ఆమె ఉన్న రెండు గేదెలూ అమ్మి చెరువు తవ్వించి, టైగర్ రొయ్య పిల్లల్ని వదిలింది. పంట కాలవ తూము తాళం మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. భూమి ఎవరిదో నలుగురికీ తెలియాలి కదా.

ఫాల్గుణంలో ఒకరోజు ఆమె మేత కోసం భీమవరం వెళ్లింది. చెరువు చూస్తే నీరు జానెడు తగ్గింది. నీరు తగ్గిన మడి చూసి ఊరుకున్నవాడు మా ఇంట పుట్టలేదు. తూము ఎత్తి, గోదావరి నీళ్లు మధ్యాహ్నం దాకా ధారాళంగా పెట్టాను.

ఆమె వచ్చి నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ముఖం పాలిపోయింది.

"ఎవరండీ మంచినీళ్లు పెట్టింది?"

"నేనేనమ్మా. పర్వాలేదులే, మనలో మనకేంటి."

"ఇది వరి కాదండీ! ఉప్పు ఒక్కసారిగా విరిగితే రొయ్య బతకదండీ. నా రెండు గేదెలూ ఇందులోనే ఉన్నాయండీ!"

అప్పటికే రొయ్యలు గట్టు వెంబడి పైకి తేలి గిలగిల్లాడుతున్నాయి. తూము దించాను. ఉప్పుటేటి నుంచి చెరువులోకి ఉప్పునీళ్లు తోడే డీజిల్ ఇంజను మొరాయించింది. పంచె ఎగ్గట్టి హ్యాండిల్ పట్టాను. మా వంశంలో అది పట్టిన మొదటివాణ్ణి నేనే. నాలుగోసారికి అందుకుంది.

"ఒక్కసారే తోడెయ్యకూడదండీ. కాసేపు ఆపి రుచి చూడండి. ఏంటి, ఎలా ఉంది?"

"చప్పగా ఉందమ్మా."

"ఐరోపా అంతా చెబుతారు గానీ, నీళ్లు చప్పబడితే రొయ్య చస్తుందని తెలీదాండీ?"

మళ్లీ రుచి చూశాను. పొద్దు వాలేసరికి నాలుకకు ఉప్పు తగిలింది. గట్టున కొన్ని చచ్చి పడున్నాయి. మిగతావి అడుక్కి దిగాయి. ఆమె అప్పుడు ఊపిరి పీల్చుకుని, చెయ్యి చాపింది.

"తూము తాళం ఇలా ఇవ్వండి, బాబుగారూ."

తాళంచెవి మొలతాడుకు ముడేసి ఉంది. తడిసి బిగుసుకుంది. విప్పడానికి తల వంచక తప్పలేదు.