సిమెంటు పడని జాగ

మా అత్త జనవరిలో ఒక ఆదివారం పొద్దున, చర్చికి తయారై జడ వేసుకుంటూ, దువ్వెన చేతిలో ఉండగానే వెళ్లిపోయింది. పరీక్షల పని మీద కరీంనగర్‌లో ఉన్న నాకు మంచిర్యాల నుంచి మా ఆయన ఫోన్ చేసి, "అవ్వ పోయిందే" అన్నాడు. ప్రభువునందు నిద్రించిందని కార్డు మీద అచ్చువేయించాం. ఆ మాట మీద నాకు సందేహాలున్నాయి. ఆమెకు ఎన్నడూ లేవు. ఇరవై ఏళ్లు ఒకే వంటింట్లో మేమిద్దరం ఆ తేడాతోనే బతికాం, బాగానే బతికాం.

మామ బొగ్గుబాయిలో పనిచేసిన రోజుల్లో, కంపెనీ క్వార్టర్ వెనక బారెడు జాగలో నేర్చుకున్న సంసారం ఆమెది. బియ్యం కడిగిన నీళ్లు టమాట మొక్కకు, చేపలు కడిగిన నీళ్లు మల్లెకు. పాత చీర ముందు బొంత అయ్యేది, బొంత చినిగితే మసిగుడ్డ, అదీ పీలికలైతే తీగలు కట్టే తాడు. పుంటికూరకు, అదే గోంగూరకు, పురుగు పడితే దాని ముందు నిలబడి ప్రార్థన చేసేది. ఆమెన్ అన్న మరుక్షణం పొయ్యి బూడిద చల్లేది.

"ప్రార్థన చేస్తివి గద అత్తా, మల్ల బూడిదెందుకు?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"ప్రార్థన దేవునికి, బూడిద పురుగుకు" అన్నది చెయ్యి ఆపకుండా.

ఎనిమిదేళ్ల కింద మా చర్చి వెనక జాగ మీద మాట వచ్చింది. కూల్చిన గోడల రాళ్లూ బొగ్గు బూడిదా పోసి ఎత్తు చేసిన జాగ అది. బండ్లు నిలుపుకోవడానికి సిమెంటు పోయిద్దామన్నాడు సంఘపెద్ద. అందరూ సరేనన్నారు, మా అత్త తప్ప.

"తమ్మీ, జాగను చంపకు. నాకియ్యి, కూరగాయలు పెడత."

"అక్కా, అండ్ల గడ్డి గూడ మొలుస్తలేదు."

"మంచిదేనాయె. కలుపు తీసే పని తప్పింది."

నవ్వులు ఆగాక ఆయన షరతు పెట్టాడు. క్రిస్మస్ ప్రేమవిందుకు సంఘమంతటికీ సరిపోయేలా ఒక్క కూరైనా ఆ జాగ నుంచే రావాలి. వస్తే ఆయన సిమెంటు మాట ఎత్తడు. రాకపోతే జనవరిలో కంకర లారీ దిగుతుంది.

"ఎందుకు ఒప్పుకున్నవ్ అత్తా? అందరి ముందల ఇజ్జత్ పోతది" అన్నాను ఇంటికొచ్చాక.

"నీకు నమ్మకం రాకుంటె ఫికర్ లేదు. బకెటందుకో."

ప్రతి ఆదివారం కానుకతోపాటు ఇంట్లో కోసిన కూరగాయల తొక్కలు కూడా తెమ్మని ఆడవాళ్లకు చెప్పింది. మొదట సిగ్గుపడ్డారు. నెల తిరిగేసరికి ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో తొక్కల సంచితో వస్తున్నారు. వానలు పడగానే, ఆ తొక్కలు కుళ్లి అయిన ఎరువులో చిక్కుడు పెట్టింది, అంచుల వెంట వంకాయ. అంతకుముందు ఏడు క్రిస్మస్ నక్షత్రానికి కట్టిన వెదురుబద్దలు విప్పి పందిరి వేయించింది.

తీగ పందిరిని కమ్మేసింది. నవంబరు వచ్చినా ఆకులే తప్ప పువ్వు లేదు. సరిగ్గా అప్పుడే అత్త నీళ్లు పోయడం మానేసింది. మోకాళ్ల నొప్పులతో చేతకాక, ఆ సంగతి ఒప్పుకోలేక ఊరుకుందనుకున్నాను. జాలిపడి, ఆమెకు చెప్పకుండా రోజూ సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ నేనే పోశాను.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున ఆమె పాదులో వేలు గుచ్చి చూసింది.

"ఎవరో దొంగతనంగ నీళ్లు పోస్తుండ్రు."

"నేనే అత్తా. ఎండుతదేమోనని..."

ఆమె పందిరి గుంజ పట్టుకుని కూలబడింది. "నీ సదువు సల్లగుండ! కావాలనే ఎండవెట్టిన పిల్లా. కడుపు నిండ తాపి పండవెడితె పూత ఎందుకు పూస్తది? పానం మీదికొస్తెనే దానికి పిల్లల సంగతి యాదికొస్తది."

నా దయ ఆమె గడువులో రెండు వారాలు తినేసింది.

"మరిప్పుడెట్ల?"

"ఎట్లేంది? సగం ఆకు తెంపు. నీ పాపం నువ్వే తెంపు."

తెంపాను. ఆ ఆకు కూడా పారేయనివ్వలేదు, పక్కింటి మేకలకు వేయించింది. తర్వాత పది రోజులు, మధ్యాహ్నం పూట తీగ తల వాల్చి వేలాడుతుంటే నేను అటువైపు చూడలేకపోయేదాన్ని. అత్త మాత్రం రోజూ దాని ముందు కళ్లు మూసుకుని కాసేపు నిలబడి, బకెట్ ముట్టకుండా వచ్చేది. పూత ఎందుకు రాలేదని అడిగిన వాళ్లకు ఒక్కరికీ నా పేరు చెప్పలేదు.

డిసెంబరు మొదటి ఆదివారం వచ్చింది. ప్రార్థనలో కళ్లు మూసుకునే అలవాటు నాకు లేదు. అందరూ తలలు వంచుకుని ఉన్నప్పుడు కిటికీ అవతల, పందిరి మీద ఊదారంగు కనబడింది. పక్కనున్న అత్తను మోచేత్తో పొడిచాను.

"అత్తా, పూత!"

"తెలుసు. పొద్దుగాల్నే చూసిన. కండ్లు మూసుకో."

క్రిస్మస్ ముందురోజు ఆడవాళ్లందరం గంపలు పట్టుకుని దిగాం. లేత చిక్కుడు తెంపినకొద్దీ వచ్చింది. వంకాయ కలిపి వండితే పెద్ద గంజు నిండింది. విందులో సంఘపెద్ద ఒకసారి తిన్నాడు, పళ్లెం పట్టుకుని మళ్లీ వచ్చాడు.

"అక్కా, ఇంకింత చిక్కుడుకాయ ఎయ్యి."

"ముందుగాల సిమెంటు ముచ్చట చెప్పు."

"ఏం సిమెంటు? నేనెప్పుడన్న?"

చర్చి ఆవరణంతా గొల్లున నవ్వింది. అత్త గరిటె నిండా వేసి, చెంగు నడుముకు దోపి, తరువాతి పళ్లెం కోసం చెయ్యి చాచింది.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ అడిగాను, పూత దేవుడిచ్చాడా, దాహం ఇచ్చిందా అని.

"దాహమెవరిచ్చిండ్రు మరి?" అన్నది.

నన్ను నమ్మించాలని ఆమె ఎన్నడూ చూడలేదు, పని మాత్రం చెప్పేది. కలిసి చేసిన ఆ పనిలో ఆమె నమ్మకం ఎంత, నా చెయ్యి ఎంత అని విడదీయడం ఇక నావల్ల కాదు.

అంత్యక్రియలకు ఖానాపూర్ నుంచి, భైంసా నుంచి, బొగ్గుబాయి కాలనీల నుంచి జనం వచ్చారు. చర్చి దగ్గర బండి నిలిపే చోటు లేదు. సంఘపెద్దకు ఇప్పుడు కర్ర లేనిదే నడక లేదు. ఆయనా దూరంగానే ఆటో దిగి నడిచి వస్తున్నాడు. ఆయన పక్కన నడుస్తున్న మా దూరపు చుట్టం ఒకాయన విసుక్కున్నాడు.

"గింత పెద్ద చర్చికి బండ్లు పెట్టే జాగ లేదా?"

"ఉన్నది. అండ్ల చిక్కుడు కాస్తున్నది" అన్నాడు సంఘపెద్ద, ఆగకుండా.

ఆయన వెనక, రోడ్డు పొడవునా, కార్లూ బైకులూ ఆటోలూ జనవరి ఎండలో రైల్వే గేటు దాకా బారులు తీరి ఉన్నాయి. వాటి పక్కనుంచి, దుమ్ములో, జనం నడిచి వస్తూనే ఉన్నారు.